మిట్ట మీద రేడియో, మడుగు కాడ లెక్క

ఒక పెద్ద అడవిలో, రాతి మిట్ట మీద ఒక రేడియో కేంద్రం ఉండేది. మీడియం వేవు. ఉరిమితే గరగర, మెరిస్తే బరబర, మిగతా వేళల్లో మాటలు. రేడియో గురించి నాకు తెలిసిందల్లా, పలకకపోతే నెత్తిన ఒకటి మొట్టాలన్నదే. కాబట్టి సాంకేతిక వివరాలు నన్నడక్కండి. మా ఇంట్లో నా మీద కూడా అదే పద్ధతి వాడతారు. చాలావరకు పనిచేస్తుంది.

ఆ అడవిలో ప్రతి బొరియలోనూ, ప్రతి తొర్రలోనూ ఒక సెట్టు ఉండేది. అయినా శ్రోతల లెక్క మాత్రం మడుగు దగ్గరే తీసేవారు. అక్కడ నేరేడు కొమ్మకి ఒక లౌడ్‌స్పీకర్ కట్టారు. సాయంత్రం దాని కింద ఎన్ని తలలుంటే అడవిలో అంతమంది శ్రోతలున్నట్టు. లెక్కపెట్టే ఉద్యోగం తాబేలు కూర్మారావుది. ఆయన కాపురం మడుగులోనే కాబట్టి ప్రయాణ భత్యం ఇవ్వక్కర్లేదని ఆయన్ని వేశారు.

మొదటి డైరెక్టరు జింక సారంగయ్య. ఆయన హయాంలో పొద్దున్నించీ పచ్చిక వార్తలే. ఏ వాలున గడ్డి లేతగా ఉంది, ఏ వాగులో నీళ్ళు తగ్గాయి, ఇవే. ఎండాకాలం మడుగు దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం.

"అద్భుతమైన కార్యక్రమాలు!" అన్నారు పులి మహారాజు, ఆ జనంలోంచే ఒకరిని భోంచేసి మూతి తుడుచుకుంటూ.

వానలు పడ్డాయి. ఎక్కడి నీళ్ళు అక్కడే దొరుకుతుంటే మడుగు దాకా ఎవరొస్తారు? పిట్ట కూడా లేదు. "శ్రోతలు నిల్లు," అన్నాడు కూర్మారావు. సారంగయ్యని అప్పటికప్పుడు మహారాజు గుహకి బదిలీ చేశారు.

గుహకి బదిలీ అయినవాళ్ళు తిరిగొచ్చిన దాఖలా లేదు. "సారంగయ్యగారు కులాసాయేనా మహారాజా?" అని ఎవరో అడిగితే, "బాగున్నాడు, చాలా మెత్తటి మనిషి," అని త్రేన్చారు మహారాజు.

తర్వాత నెమలి కలాపమూర్తి వచ్చాడు. పచ్చిక తీసేసి నాట్యం పెట్టాడు. రేడియోలో నాట్యమేమిటండీ అంటే, "అడుగుల చప్పుడు మేం వినిపిస్తాం, పురి మీరు ఊహించుకోండి," అన్నాడు. ఎండాకాలం మడుగు కిటకిటలాడింది. "అడవిలో కళాభిరుచి పెరిగింది," అన్నారు మహారాజు. తొలకరి పడింది. పాపం, నెమలి ఆడాల్సిన కాలంలోనే ఆయన ఆట కట్టింది.

ఆ తర్వాత కొంగ బకానందం. ఒంటికాలి మీద నించుని పొద్దస్తమానం ప్రవచనాలు. "చేపలారా, ఈ దేహం అశాశ్వతం," అనేవాడు, స్వానుభవం మీద. ఎండల్లో భక్తి పొంగింది. వానల్లో ఎప్పటిలాగే బదిలీ. కాకపోతే బకానందం ఒట్టి ఎముకల పోగు. మహారాజుకి ఆకలి తీరలేదు. ఆ వానల్లోనే ఇంకో డైరెక్టరు కావలసి వచ్చాడు.

కేంద్రంలో మిగిలింది కోతి శాఖాచలం ఒక్కడే. అనౌన్సరు. ముగ్గురు డైరెక్టర్లకీ స్వాగతం, వీడ్కోలు ఒకే గొంతుతో చదివినవాడు. జరగబోయేది ముందుగా చెప్పకపోతే వాడికి అన్నం అరగదు. స్నానానికి వెళ్తున్నా, "మరికొద్ది క్షణాల్లో స్నానం," అని చెప్పి మరీ వెళ్ళేవాడు.

"ప్రమోషనొచ్చిందే," అన్నాడు పెళ్ళాంతో, బిక్కమొహం వేసుకుని.

"సంతోషం. తద్దినం ఎప్పుడో కూడా మీరే రేడియోలో చెప్పి పోతారా?" అంది ఆవిడ.

శాఖాచలం వానలో తడుస్తూ మడుగు దగ్గరికి పరిగెత్తాడు. ఎవరూ లేరు. తిరిగొచ్చే దారిలో ముళ్ళపంది ముత్యాలమ్మ బొరియలోంచి రేడియో వినపడుతోంది, వాడు పెట్టి వచ్చిన పాత ప్రవచనం రికార్డు.

"అదేంటి అత్తా, నువ్వు వింటున్నావా?"

"వినక? వానలో ఇంకేం పనుందిరా? అందరం ఇంట్లో కూర్చుని అదే వింటాం. పాపం, ఆ కొంగ బాగా చెప్పేవాడు. ఏమయ్యాడు?"

శాఖాచలం ఎగురుకుంటూ కూర్మారావు దగ్గరికి పోయాడు. "బావా, అందరూ ఇళ్ళల్లో వింటున్నారు!"

"బొరియలో వింటే వినడం కిందికి రాదు," అన్నాడు కూర్మారావు, తల సగమే బయటపెట్టి. "లౌడ్‌స్పీకర్ కింద తల కనపడాలి. పద్ధతి అది."

"పోనీ, లౌడ్‌స్పీకర్ ఇంకోచోట కడితే?"

"ఎక్కడ కడితే అక్కడే లెక్క. కాని నేను నడవను. భత్యం లేదు."

ముసురు పట్టి బొరియల్లోకి నీళ్ళొచ్చినప్పుడు అడవి మొత్తం రాతి మిట్ట ఎక్కుతుందని కోతికి తెలుసు. లౌడ్‌స్పీకర్ విప్పి, రేడియో టవరు కాలికే కట్టాడు. కూర్మారావుని వీపు మీద మోసుకొచ్చి బండ మీద కూర్చోబెట్టాడు. మర్నాడు ముసురు పట్టింది. కుందేళ్ళు, దుప్పులు, ముళ్ళపందులు పిల్లాజెల్లాతో మిట్ట ఎక్కాయి. శాఖాచలం పాత పచ్చిక వార్తలు కొంచెం, కాళ్ళ చప్పుడు కొంచెం, ప్రవచనం కొంచెం కలిపి వదిలాడు. కూర్మారావు లెక్కపెట్టలేక రెండుసార్లు నిద్రపోయాడు.

శాఖాచలం గుహకి పరిగెత్తాడు. "మహారాజా! వానాకాలంలో శ్రోతలు! అడవికి అడవే!"

మహారాజు లేచి కూర్చున్నారు. "అందరూ ఒకేచోటా?"

"ఒకేచోట!"

"పిల్లలు కూడానా?"

"పిల్లలే ఎక్కువ మహారాజా!"

"తప్పించుకునే... అదే, దిగే దారులెన్ని?"

"ఒకటే," అని నోరు జారాక గాని కోతికి వెలగలేదు. ఎండాకాలం మెప్పులూ, వానాకాలం బదిలీలూ, ముగ్గురు డైరెక్టర్లూ వరసగా కళ్ళముందు తిరిగారు. మహారాజుకి కావలసింది శ్రోతల లెక్క కాదు, వంటకి సరుకు ఎక్కడుందో!

"సాయంత్రం శ్రోతల్ని స్వయంగా కలుస్తాం," అన్నారు మహారాజు. "నువ్వు పైకి తెలియనియ్యకు. ఈసారి నీ ఉద్యోగం పదిలం."

సాయంత్రం శాఖాచలం మైకు ముందు కూర్చున్నాడు. నోరు మూసుకుంటే తను బతుకుతాడు. కింద ముత్యాలమ్మ పిల్లలకి తల తుడుస్తోంది. కావాలనే అన్నాడో, అలవాటు కొద్దీ అన్నాడో నేను చెప్పలేను గాని, వాడు గొంతు సవరించుకున్నాడు.

"తరవాతి కార్యక్రమం. మరికొద్ది క్షణాల్లో పులి మహారాజు వారు శ్రోతల్ని భోంచేస్తారు."

మహారాజు గుహ దాటకముందే అందరూ ఆ ఒక్క దారినే దిగి పారిపోయారు. ఆయన మిట్ట ఎక్కేసరికి బండ మీద తాబేలు తప్ప ప్రాణి లేదు.

"శాఖాచలం! దిగు. బదిలీ!"

శాఖాచలం అప్పటికే మైకుతో సహా టవరు కొసకి చేరాడు. "దిగలేను మహారాజా, ప్రసారంలో ఉన్నాను. మధ్యలో ఆపితే పద్ధతి కాదు."

"అయిపోయాక దిగు. ఇక్కడే ఉంటా."

అది ఇంకా అయిపోలేదు. ఇప్పుడా కేంద్రంలో పచ్చికా లేదు, నాట్యమూ లేదు. రాత్రీ పగలూ శాఖాచలం మాట్లాడుతూనే ఉంటాడు. పెళ్ళాం పళ్ళు తెస్తే, వాడు నమిలేంతసేపు ఆవిడ మైకు పుచ్చుకుని మొగుడి మీద చాడీలు చెప్తుంది. ఆ కార్యక్రమానికి గిరాకీ ఎక్కువని వినికిడి. మహారాజు విసిగి వేటకి లేస్తే చాలు, "విజ్ఞప్తి. మహారాజు వారు తూర్పు వాలుకి బయల్దేరారు," అని పైనుంచి వినపడుతుంది. ఆయన మళ్ళీ వచ్చి టవరు కింద కూలబడతారు.

బొరియబొరియలోనూ సెట్టు మోగుతోంది.

"ఒరే, కోతిమామ మాట్లాడుతున్నాడా?" అని పిల్లల్ని అడుగుతుంది ముత్యాలమ్మ.

"మాట్లాడుతున్నాడమ్మా."

"ఏమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు."

"అయితే పదండి మేతకి. అంతా క్షేమమే."

మోసుకుపోయేవాళ్ళు లేక కూర్మారావు ఆ బండ మీదే ఉండిపోయాడు. రోజూ సాయంత్రం తల బయటపెట్టి లెక్క చెప్తాడు.

"శ్రోతలు ఒక్కరే మహారాజా."

"ఎవడు వాడు?"

"తమరే."

నీతి: కొలువు నిలవాలంటే నోరు మూయకూడదు, చెప్పడానికి ఏమైనా ఉందా అన్నది తర్వాతి సంగతి.