చందు పొట్టలో కుట్ర

పుష్పకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మొగుడు చందు హార్బర్లో క్రేను నిచ్చెన ఎక్కుతుండగా తుమ్ము వస్తుందని. ఒక్క తుమ్మైతే ఏదోలా తట్టుకుంటాడు. వరసగా ఏడెనిమిది వస్తే? తుమ్ముకీ తుమ్ముకీ మధ్య కడుపులో మెలిక కూడా తిరిగితే? ఆ ఎత్తున, ఆ సముద్రపు గాలిలో బాత్రూము ఉండదు, పట్టుకోడానికి పెళ్లామూ ఉండదు.

ఈ భయంతో, మూడేళ్ల కూతురు శ్రీసత్యని చంకనేసుకుని ఆమె గుమ్మంలో నిలబడి ఉండగా ఆడపడుచు మొగుడు గవర్రాజు మెట్లెక్కి వచ్చాడు. నల్ల కళ్లద్దాలు తీశాడు. సందులో ఎవరూ చూడటం లేదని తెలిసి మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"సెల్లెమ్మా! బయపడకు. నేరగాళ్లకి నిద్దర్లో నాను కల్లోకొస్తాను. నా కంటికి కనపడని సాక్ష్యం ఈ బూమ్మీద పుట్టనేదు. పుట్టినా బతకనేదు."

"సాక్ష్యం బతక్కపోతే ఎలగన్నియ్యా?"

"అది నీకర్తం కాదు. అది ప్రొఫెషన్."

కంచరపాలెంలో, రైలు పట్టాల వెనక, పుష్పావాళ్లుండే సందులోనే గవర్రాజుకి చిన్న షాపు, అందులో గోలీసోడాల ఐసు పెట్టె ఉన్నాయి. బోర్డు మీద 'జెరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు, నేర పరిశోధన' అని వరసగా రాయించుకున్నాడు. ఇంతవరకూ ఆయన పట్టుకున్న దొంగ ఒక్కడే. వాడు కరెంటు మీటరు రీడింగు తీయడానికి వచ్చినవాడు.

అసలు సంగతేమిటంటే, కొన్నాళ్లుగా చందుకి పొట్టలో మంట, ఉబ్బరం. దానికి తోడు ముక్కు మూసుకుపోయి, నుదురు బరువెక్కి, తెల్లారితే తుమ్ములు. పుష్ప ఊరుకోలేదు. మద్దిలపాలెంలో ఆయుర్వేదం డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన నాడి పట్టుకుని, నాలిక చూసి, తిండి చెప్పాడు. పొద్దున్నే అల్లం వేసి మరిగించిన నీళ్లు గోరువెచ్చగా. పాత బియ్యం అన్నంలోకి పెసర కట్టు. మధ్యాహ్నం వేయించిన జీలకర్ర పొడి కలిపిన పలచటి మజ్జిగ. రాత్రి పెరుగు ముట్టకూడదు, ఫ్రిజ్జు నీళ్లు అసలే వద్దు. పడుకోబోయే ముందు ఆవిరి. "ఇది తప్ప ఇంకేదీ లోపలికి పోకూడదమ్మా" అని మరీ మరీ చెప్పాడు.

పుష్ప అక్షరం తప్పకుండా చేసింది. రోగం తగ్గలేదు. పెరిగింది.

"ఎవులో నా కొడుక్కి మందెట్టేసినారు" అంది పక్క గదిలో వేరే పొయ్యి పెట్టుకున్న అత్త కాశమ్మ, కోడలి పొయ్యి వైపు చూస్తూ. "ఆదోరం తీసికెల్లి కక్కించేత్తాను. కడుపులోది బైటికొత్తే ఎవులెట్టినారో తెలిసిపోద్ది."

ఆ చూపు పుష్పకి కొరడాలా తగిలింది. పొద్దున లేస్తే ఆ పొయ్యి దగ్గర నిలబడేది తను ఒక్కతే.

అందుకే, వేరే దారి కనపడక, గవర్రాజుకి కబురు పెట్టింది.

గవర్రాజు వంటింట్లోకి జేమ్స్ అనో జాన్ అనో పేరున్న ఇంగ్లీషు సినిమా డిటెక్టివ్‌లా నడిచి వెళ్లి, గట్టు మీద గిన్నెల్ని ఒక్కొక్కటీ భూతద్దంతో చూశాడు. ఆ భూతద్దం శ్రీసత్య బొమ్మల సెట్టులోది. ప్లాస్టిక్కుది. అందులోంచి ఏదీ పెద్దగా కనపడదు.

"ఇదేటి?"

"పెసర కట్టు."

"ఎవుల్ని కట్టడానికి?"

"తినడానికన్నియ్యా!"

"ఇదో?"

"జీలకర్ర."

"నల్లగుంది. నన్ను సూసి బయపడి రంగు మారిపోనాది."

"ఏయించితే మారదేటి?"

గవర్రాజు జీలకర్రని కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "సెల్లెమ్మా, ఇది స్లో పాయిజన్. నేరస్తుడు ఈ నాలుగ్గోడల మద్దెనే ఉన్నాడు."

"ఇక్కడ నాను, నువ్వు, ఈ గుంటా ఉన్నాం."

ఆయన శ్రీసత్య వైపు అనుమానంగా చూశాడు. ఆ పిల్ల నాలిక బయటపెట్టింది.

"దీని మీద కూడా ఒక కన్నేసుంచుతాను" అన్నాడు గవర్రాజు. "రేపు పొద్దున్న మారువేషం. చందు బావ పాత హెల్మెట్టు, ఆ నారింజ రంగు జాకెట్టు నాకిచ్చీ. పనోడిలాగ హార్బర్లోకి దూరి, బావ ఎవుల సేతిలో ఏటి తింతన్నాడో పట్టేత్తాను. నన్ను కన్న తల్లి కూడా పోల్చుకోనేదు."

పుష్ప ఇచ్చింది. ఇవ్వకపోతే ఏం చేస్తుంది? ఆ రాత్రంతా పక్కన చందు తుమ్మినప్పుడల్లా ఆమె మంచం పట్టె పట్టుకుంది, నిచ్చెన మెట్టు పట్టుకున్నట్టు.

తెల్లారింది. చందు బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. లోపల్నుంచి ఒక తుమ్ము, ఒక మూలుగు, మళ్లీ తుమ్ము. పుష్ప అల్లం నీళ్లు పొయ్యి మీద పెట్టి, ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని బయట వరండాలోకి వచ్చి పిట్టగోడ మీంచి కిందకి చూసింది.

మెట్ల మీద నారింజ రంగు జాకెట్టు, హెల్మెట్టు, ముక్కుకి మాస్కు. ఒక్క క్షణం మొగుడే అనుకుంది. అంతలో బాత్రూంలోంచి మొగుడు తుమ్మాడు. ఓహో, నిఘా అని రాత్రి డాబా మీదే పడుకున్న అన్నియ్య.

గవర్రాజు పిల్లిలా అడుగులేస్తున్నానని అనుకుంటూ, హెల్మెట్టుని గోడకి టంగుమని కొట్టుకుంటూ దిగుతున్నాడు. మెట్ల మలుపులో బల్బు మాడిపోయి చాలా కాలమైంది. ఆ మసక చీకట్లో ఎవరో కొంగు చాటున గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు. కాశమ్మ. ఆమె కళ్లజోడు ఇంట్లో దేవుడి పటం దగ్గరుంది.

"వొచ్చినావా నాయనా" అంది ఆమె, గుసగుస అనుకుంటూ, పైకి వినపడేలా. "బేగి తినీ. రేత్రి తోడెట్టిన సల్దన్నం. గెడ్డపెరుగేసినాను. నీకు ఏడి సేసేసినాది, సలవ తగలాల. ఆ పిల్లకి సెప్పకు, మనసు కట్టపెట్టుకుంటాది."

గవర్రాజు బిగుసుకుపోయాడు. నోరు తెరిస్తే వేషం బయటపడుతుంది. డిటెక్టివ్ ప్రాణం పోయినా వేషం పోకూడదు. మాస్కు కిందకి లాగి, అటు తిరిగి, గిన్నెడు చల్లటి పెరుగన్నం, పచ్చిమిరపకాయతో సహా మింగేశాడు. కాశమ్మ కొంగుతో అతని మూతి తుడిచి పైకి వెళ్లిపోయింది.

పుష్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోజూనా? రోజూ తెల్లారగట్లా?

గవర్రాజు కింద వాటా కిటికీ దాటబోయాడు. ఊచల మధ్యలోంచి గాజుల చెయ్యి ఒకటి పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసుతో బయటికొచ్చింది. ఇంటి ఓనరు మంగాయమ్మది. గోదావరి వైపు మనిషి, ఆవిడ మాట ఎంత మెత్తనో కషాయం అంత ఘాటు.

"మాట్లాడకండి బాబూ, మీ ఆవిడ వినగలదు. శొంఠి, మిరియం, పిప్పలి వేసి కాచానండి. ముక్కుకి పట్టింది చలవేనండి, వేడి తగిలితే కరిగి ఊరుకుంటుందంతే. ఇవాళ మిరియం కాస్త ఎక్కువే దంచాను. గుటుక్కుమనిపించండి, ఆయ్."

గవర్రాజు గుటుక్కుమనిపించాడు. కళ్లలోంచి నీళ్లు, చెవుల్లోంచి ఆవిరి. గ్లాసు చేతికిచ్చేసి, గొంతు పట్టుకుని, నేరుగా తన షాపుకి పరిగెత్తాడు. షట్టరు సగం ఎత్తడం, ఐసు పెట్టెలోంచి గోలీసోడా తీయడం, ఎత్తిన సీసా దించకుండా తాగడం పుష్పకి పైనుంచి స్పష్టంగా కనపడ్డాయి.

కాసేపు ఏమీ జరగలేదు.

తరవాత ఆయన వెనక్కి వచ్చాడు. వాకిలి మధ్యలో ఆగాడు. ముక్కు ఎగరేశాడు. ఒక తుమ్ముకి హెల్మెట్టు కదిలింది. రెండో తుమ్ముకి పడిపోయింది. మూడో తుమ్ము సగంలో ఉండగా పొట్టలోంచి గూడ్సుబండి పాయింటు మారినట్టు శబ్దం వచ్చింది. రెండు చేతులూ పొట్ట మీద, ఏ చెయ్యీ ముక్కుకి ఖాళీ లేదు.

"నన్ను... హాచ్... సంపీసినారు! సెల్లెమ్మా! కేసు... హాచ్... నా లోపలే ఉంది!"

కాశమ్మ పరిగెత్తుకొచ్చింది, ఈసారి కళ్లజోడుతో. చూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! అల్లుడుగారా! అల్లుడికి సల్దన్నం ఎట్టేసినానా! ఊరుకి తెలిత్తే నా మొకం ఎక్కడెట్టుకోనమ్మా!"

మంగాయమ్మ కిటికీలోంచి అంది. "పెరుగన్నమా? అదేంటండి కాశమ్మగారూ! నేనిక్కడ ముక్కుకి వేడి చేస్తుంటే మీరక్కడ చల్లబరుస్తున్నారా?"

"నాను పొట్ట సల్లార్సుతుంటే నువ్వు మంటెడతన్నావా? అందుకే నా కొడుకు కడుపు బుగ్గయిపోతంది!"

"మీ పెరుక్కే ముక్కు దిబ్బడేసిందండీ!"

"నీ మిరియాలకే పేగులు మాడిపోనాయి!"

అప్పుడు బాత్రూం తలుపు తెరుచుకుంది. చందు తువ్వాలు భుజాన వేసుకుని, కింద జనాన్నీ, తన జాకెట్టులో తుమ్ముతున్న బావనీ చూసి, మళ్లీ లోపలికి వెళ్లబోయాడు. పుష్ప తలుపుకి అడ్డం నిలబడింది.

"ఏటండీ. ఆల్లిద్దరి దగ్గరా తిని, తాగి, ఆపైన నా పెసర కట్టు తింతన్నారా?"

"అమ్మ ఎడితే కాదంటానేటి?" అన్నాడు చందు నేల చూస్తూ. "ఓనరమ్మ పెద్దావిడ. నువ్వు సేసింది తినకపోతే నీ మొకం సిన్నబోద్ది. ఆపైన బావ..."

"బావ?"

"సాయంత్రం గ్యాసు కొట్టేత్తాదని ఐసుసోడా పోత్తాడు. రోజూ. ఎవులికీ సెప్పొద్దన్నాడు."

అందరూ గవర్రాజు వైపు తిరిగారు. ఆయన తుమ్మి తప్పించుకున్నాడు.

నవ్వొచ్చే సమయమే. పుష్పకి నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ అత్తతో, ఓనరమ్మతో గొంతు పెంచని మనిషి పిట్టగోడ మీదకి వంగి అరిచింది.

"పొద్దున సల్లదనం, ఆపైన మంట, సాయంత్రం ఐసు! ఆ మనిషి పొట్టేటి, కొలిమా? నిచ్చెన మీద తుమ్మొచ్చి సెయ్యి జారితే ఈ గుంటకి నాన్నని ఎవుల్ని తెచ్చి సూపించమంటారు? ఓనరమ్మనా? సోడానా?"

కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, నెమ్మదిగా అంది. "నా సేత్తోనే ఎట్టేసినానే పుష్పా... నాను సలవ సేత్తన్నాననుకున్నాను."

"మందెట్టింది అందరి పేమలేనత్తా" అంది పుష్ప. గొంతు దిగింది. "ఇక మీదట పొయ్యి ఒకటే. డాక్టరు సెప్పిందే."

అదే జరిగింది. కాశమ్మ పెసర కట్టు తనే వడకట్టింది. మంగాయమ్మ ఆవిరి పట్టడానికి పెద్ద గిన్నె ఇచ్చి, అందులో మిరియం వేయలేదని మూడు దేవుళ్ల మీద ఒట్టేసింది. చందు పొట్ట చల్లబడింది, ముక్కు మెల్లగా వదిలింది.

ఒక మధ్యాహ్నం పుష్ప ఫోను మోగింది. చందు. వెనకాల గాలి హోరు.

"పుష్పా! పైనున్నాను. ఎక్కుతన్నప్పుడు ఒక్క తుమ్మూ రానేదు."

ఆమె మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"ఇన్నావా? సేపల వాసనొత్తందే! ఫిషింగ్ హార్బరు నుంచి, కుళ్లు సేపల వాసన!"

పుష్ప మంచం పట్టె వదిలేసి, కూర్చుని, కుళ్లు చేపల వాసన వచ్చినందుకు తనివితీరా ఏడ్చింది.

గవర్రాజు మాత్రం ఇదంతా తను ముందే పసిగట్టి, ప్రాణాలకి తెగించి విషం స్వయంగా రుచి చూశానని సందంతా చెప్పుకున్నాడు. బోర్డు మీద 'విషప్రయోగాలకు ప్రత్యేకం' అని ఇంకో వరస రాయించాడు. అయితే ఆయన పొట్టా ముక్కూ ఆ రోజు నుంచీ పూర్తిగా కుదుటపడలేదు. అల్లుడికి చద్దన్నం పెట్టిన పాపం కడుక్కోడానికి కాశమ్మ పొద్దున్నే పెరుగు గిన్నెతో బయల్దేరుతోంది. ఆమె వెనకే, పెరుగుకి విరుగుడని, మంగాయమ్మ కషాయం గ్లాసుతో బయల్దేరుతోంది. ఇప్పుడు ఇద్దరికీ మంచి స్నేహం.

కాబట్టి మీరెవరైనా కంచరపాలెం వైపు వెళ్తే, పట్టాల వెనక సందులో జెరాక్స్ షాపు షట్టరు సగం దించి ఉంటే, దయచేసి ఒకసారి తట్టి చూడండి. లోపల్నుంచి తుమ్ము వినపడితే పరవాలేదు, మనిషి ఉన్నట్టే. వినపడకపోతే మాత్రం కాస్త లోపలికి తొంగి చూసి, ఆ ఇద్దరూ వచ్చేలోగా ఆయన్ని బయటికి తీసుకురండి.