చంక కొలత

ఆ శుక్రవారం జగదీశ్వరి తలంటుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, తన పుస్తకం కాగితాలకు పసుపు కుంకుమ అద్ది, తొమ్మిదింటికి ఆటోలో ప్రెస్సుకి వెళ్ళాలనుకుంది. శ్రీకాకుళంలో ఆడపిల్లలకు గృహవిజ్ఞానం చెప్పిన తొలి పంతులమ్మల్లో ఆమె ఒకరు. బట్టల గురించీ కుట్టుపని గురించీ పదకొండేళ్ళు చేత్తో రాసిన పుస్తకమది. నకలు లేదు.

వారం కిందట మిషను పక్క బుట్టలో పెట్టిన ఆ కాగితాలు ఇప్పుడు లేవు. కుట్టు నేర్చుకోవడానికొచ్చే పద్మకుమారిని అడిగింది.

"ముందు పాత కాగితం మీద కోసి, తరవాతే బట్ట కొయ్యాలని మీరే సెప్పినారు కదమ్మా. జాకెట్టు ముక్కలన్నీ వాటితోనే కోసినాను. వీధిలో వాళ్ళకీ ఇచ్చినాను."

"నూలు అధ్యాయం ఏదే?"

"బుజ్జమ్మత్త కుడిసెయ్యి అయిపోనాది."

జగదీశ్వరి కోప్పడలేదు. ఒక్క ముక్కా పోకుండా తెమ్మని పంపింది. పద్మకుమారి ఇంటింటికీ వెళ్ళి, పంతులమ్మగారు కాగితాలు వెనక్కి అడుగుతున్నారని మాత్రం చెప్పింది. ఎందుకో చెప్పడానికి భయపడింది. కొలతల్లో తప్పు దొరికుంటుందని మూడో ఇంట్లో అనుకున్నారు. ఆరో ఇంటికొచ్చేసరికి ఆ కొలతల జాకెట్టు తొడుక్కోవడం అరిష్టమైపోయింది. పదకొండు గంటలకి ఎనిమిదిమంది ఆడవాళ్ళు, కాగితం ముక్కలూ, కుట్లు విప్పేసిన జాకెట్లూ ఒళ్ళో పెట్టుకుని, ఆమె అరుగు మీద కూర్చున్నారు.

తప్పేమీ లేదు, అవి తన పుస్తకం కాగితాలని జగదీశ్వరి చెప్పబోయింది. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న బుజ్జమ్మ అడ్డొచ్చింది.

"తప్పు ఉన్నాదమ్మా. సంక కాడ పట్టేస్తాది. మీరు బడిలో నేర్పిన కాణ్ణించీ అంతే."

జగదీశ్వరి టేపు తెచ్చి బుజ్జమ్మ చంకనీ, జాకెట్టునీ కొలిచింది. జాకెట్టు చంక చుట్టుకొలత అరంగుళం తక్కువ. ముక్కల్లో జాకెట్టు కొలతలున్న కాగితం వెతికి తన రాత చూసుకుంది. అక్కడా అంతే. నలభై ఏళ్ళు చెప్పిన పాఠం అది. గురువు మీద భక్తి ఉంటే ప్రశ్న ఉండకూడదా అని ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"మీరు పంతులమ్మ కదా. మా సేతులే లావనుకున్నాం."

ఈ కాగితాలు చెక్కుచెదరకుండా ఉంటే, ఈపాటికి ఆ అరంగుళం అచ్చుకెక్కేది. జగదీశ్వరి ప్రెస్సుకి ఫోను చేసి, తప్పు బయటపడింది, దిద్ది మళ్ళీ రాసి తెస్తానని చెప్పింది. అచ్చే కాని పుస్తకాన్ని ఎవరు చదివారని వాళ్ళు అడిగారు.

"చదవలేదు బాబూ, తొడుక్కున్నారు" అంది.