ఒక్క మీట మహాసమరము

స్వస్తి! దసరా సెలవుల సుఖనిద్రనుండి లేచి విశ్వవిద్యాలయము ఆవులించుచుండగా, తార్నాక చౌరస్తాయందు మెట్రో స్తంభముల నీడలో ఆటోరథములును సిటీబస్సు మదగజములును హారన్ శంఖములు పూరించుచుండగా, క్యాంపసు రాతిభవనములపై ఆశ్వయుజ ప్రభాతము పరచుకొనుచుండగా, అనంతపుర మండల సంజాతుడును, శాఖా కార్యాలయ సూపరింటెండెంటు పదవీ విభూషితుడును, యౌవనమున పౌరాణిక నాటకములాడి మైకు లేకయే ఊరంతటికి వినిపించిన కంఠము గలవాడును అగు రామాంజనేయులు తన గది తలుపు తోసెను. వినుడు జనులారా! ఆ దినమున ఆయన చేసిన ఘోరయుద్ధము ఇంటర్నెట్టు కోసము.

పణము చిన్నదని నవ్వకుడు. లాలాగూడ రైల్వే క్వార్టర్సునుండి వచ్చి, ఏండ్ల తరబడి పరిశోధనారణ్యమున తిరిగి తిరిగి కాళ్లరిగిన జ్యోతిర్మయికి ఆనాడు పదకొండు గంటలకు వైవా. పరీక్షకుడు ఢిల్లీలో తెర ముందు కూర్చొనును, మధ్యాహ్నము విమానమెక్కును, ఆ పిమ్మట సంక్రాంతి దాటినగాని చేతికి చిక్కడు. వైవా ముగియనిచో రామంతాపూర్ కాలేజీలో ఆమె కొరకు ఆగియున్న ఉద్యోగము వేరొకరి పాలగును. చూడబోతే, మిగిలిన గదుల తాళములు ఇంకను సెలవులోనే ఉన్నవి. ఆ రాతిగోడలలోనికి మొబైల్ సిగ్నలు తొంగియైనను చూడదు. ఉన్నదెల్ల రామాంజనేయులు గదిలోని ఆ ఒక్క డెస్క్‌టాపు.

పూర్వము ఆ క్యాంపసున కంప్యూటరుకు నెట్టు కలుపవలెనన్న నడుమ నడుమ చుక్కలు గల అంకెల దండకమునెల్ల ఎక్కింపవలయును. ఒక చుక్క తప్పిన కథ మొదటికి వచ్చును. ఆ బాధ చూడలేక కంప్యూటర్ సెంటరు తపోధనుడు దేవేందరు తెరపై ఒకే ఒక నీలిమీటను సృష్టించెను. దానిని నొక్కిన చాలు, అంకెలన్నియు తమంతట తామే కుదురుకొనును. సెలవులలో పాత అంకెలు రద్దయినవి గనుక నేడే ఆ మీటకు తొలిపరీక్ష. సూపరింటెండెంటు సారు ‘అయినది’ అన్న క్యాంపసంతటికిని మీట. ‘కాలేదు’ అన్న మరల అంకెలు.

“నేనొచ్చి పక్కన నిలబడ్త సార్” అని దేవేందరు ముందే చెప్పియుండెను.

“ఎందుకబ్బా? ఒక్క మీటకు ఇద్దురా? నాకేమన్నా సేతికి ఏళ్లు ల్యావా?” అని మన వీరుడు మీసము దువ్వి యుండెను.

అంతట ఆయన కుర్చీసింహాసనమధిష్ఠించి, కుడిచేతి చూపుడువ్రేలు గాలిలో త్రిప్పి, మీట నొక్కెను. తెరపై అక్షరములు వెలసెను: ‘తీగ సరిగా కూర్చోలేదు. దయచేసి చూడండి.’

“కూర్చోల్యాదంట! పీట ఎయ్యల్నా దానికి?”

“ఇంకోసారి నొక్కుండ్రి సార్” అన్నది ప్రక్కనే నిలిచియున్న జ్యోతిర్మయి.

నొక్కెను. మరల నొక్కెను. తీగ తోకబట్టి లాగి, మరల దూర్చి, డబ్బాను ఆర్పి వెలిగించి, దాని వీపు చరచి, బుజ్జగించి, బల్ల క్రింద దూరి తల కొట్టుకొని, చొక్కాకు ధూళి పూసుకొని, లోకములోని సమస్త కార్యాలయములయందును ప్రయోగింపబడు దివ్యాస్త్రములనెల్ల ఒకదాని వెంట నొకటిగా సంధించెను. తెర మాత్రము తన మాట మార్చలేదు.

అప్పుడాయనలోని నాటకరక్తము పొంగెను. “ఓరీ దుర్మదాంధ యంత్రాధమా! ధూళిధూసరిత దుష్టపేటికా! ముప్పదియేండ్లుగా ఫైళ్ల పర్వతములను ఒంటిచేత మోసిన ఈ భుజబలమును ఎరుగవా? ఒక్క తీగను గర్భమున దాచుకొనలేని నీవా నాతో తలపడువాడవు?” అని గర్జింపగా కిటికీ పావురములు లేచిపోయెను.

“సార్, పదకొండు కావస్తున్నది. నాకు భయమైతున్నది” అన్నది జ్యోతిర్మయి. ఆ మాట విని రామాంజనేయులుకు గద జారినట్లైనది. తన కూతురు కాదు, బంధువు కాదు; అయినను ఆ పిల్ల ఓడిపోవుట ఆయన చూడలేడు. అభిమానము దిగమ్రింగి ల్యాండ్‌లైను అందుకొనెను.

“తార్నాక సిగ్నల్ కాడ ఇరికిన సార్! ఏమైంది? మీట పని చేస్తలేదా? నా ఇజ్జత్ మొత్తం దాని మీదనే ఉన్నది!” అని దేవేందరు అవతల విలవిలలాడెను.

“ఏం ల్యాదబ్బా. ఊరికే పలకరిద్దామని చేసినా” అని వీరుడు ఫోను పెట్టివేసెను. మ్రింగిన అభిమానము గొంతులోనే అడ్డము పడినది.

ఇంతలో జ్యోతిర్మయి ఫోను టార్చి వెలిగించి డబ్బా వెనుకకు వంగినది. “సార్, గీ సందుల పసుపేంది?”

హా! తెలిసెను! ఆయుధపూజ నాడు అందరును తెరకొక బొట్టు పెట్టి ప్రసాదమునకు పోగా, ఏ అంగమును బోసిగా నుంచరాదను భక్త్యావేశమున రామాంజనేయులు తీగను ఊడబెరికి, పసుపుముద్దలో వ్రేలు ముంచి, ఆ రంధ్రము నిండ కూరి, తీగ మొనకు కుంకుమ దిద్ది, మరల బిగించెను. సెలవులలో అది సిమెంటువలె గట్టిపడినది. శత్రువు మరెవరో కాదు, మీట నొక్కిన ఆ వ్రేలే.

కాని అమ్మవారి బొట్టు తుడుచుటెట్లు? చేతులు జోడించెను. “తల్లీ, మహిషాసురమర్దినీ! ఈ యంత్రము నుదుట దిద్దవలసిన బొట్టును బుద్ధిలేక సందులో దిద్దితిని. తుడిచెదను. కోపమున్న నా మీద చూపుము, ఈ బిడ్డ వైవా మీద వద్దు!”

పిమ్మట డబ్బానార్పి, అమ్మవారి పటము ముందు కాలిపోగా మిగిలిన అగరుబత్తి పుల్లను శరముగా గైకొని, ఊపిరి బిగబట్టి, రంధ్రదుర్గమును కణము కణముగా గీకెను, ఊదెను, పసుపు తుపాను కండ్లలో పడినను చలింపలేదు. జేబురుమాలతో తీగ మొన తుడిచి దూర్చెను. టక్కుమనెను. డబ్బా మేల్కొనగా వెనుక ఆకుపచ్చ దీపము మినుకుమనెను. మీట నొక్కెను.

‘కలిసింది.’

తెరపై పరీక్షకుని కండ్లద్దములు మెరసెను. జ్యోతిర్మయి కుర్చీలో కూర్చొని నమస్కరించినది. తొలి ప్రశ్నకు జవాబు మొదలుపెట్టినది.

అంతలో బల్లపై ల్యాండ్‌లైను మ్రోగెను. “సార్, ఇంక సిగ్నల్ కాడనే ఉన్న. నిజం చెప్పుండ్రి, కష్టమైందా?”

రామాంజనేయులు పచ్చబడిన వ్రేలిని ప్యాంటుకు తుడుచుకొనుచు మెల్లగా పలికెను. “కష్టమా? ఒక్క నొక్కుడే అబ్బా! సిన్నపిల్లోల్లు గూడా చేస్తారు. క్యాంపసంతా పెట్టెయ్.”

జవాబు చెప్పుచున్న జ్యోతిర్మయి ఆ మాట విని పెదవి కరచి నవ్వాపుకొన్నది; పరీక్షకుడు దానిని ఆత్మవిశ్వాసమని మెచ్చుకొనెను.

ఇవ్విధమున స్వహస్తప్రతిష్ఠిత హరిద్రాదుర్గమును స్వహస్తముతోనే భేదించి, తన మీద తానే గెలిచిన మహావీరుడు రామాంజనేయులు, చెమట తుడుచుకొని, చాయ్ తెప్పించుకొనెను. జయము! జయము! నెట్టు వచ్చెను!