పదమూడో స్థానం

ఈ వేసవి ఆఖరి మదింపులో మా లడ్డూకి పదమూడు మందిలో పన్నెండో స్థానం వచ్చిందని బంధుమిత్రులందరికీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. స్వీట్లు కూడా పంచాం. మీకు అందకపోతే తప్పు మా వాచ్‌మన్‌ది. లడ్డూ మా కుక్క. లాబ్రడార్ జాతి, నాలుగేళ్ల వయసు, మంచి కుటుంబం. పన్నెండో స్థానానికి పండగేమిటని మీకు అనుమానం వచ్చిందంటే మీరు జన్మలో ఉద్యోగం చేసి ఉండరు. మీ కోసం మొదటినుంచీ చెబుతాను.

తెల్లాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీగోడ వెనక సాయిలు అనే ఆయనకు గేదెల కొట్టం ఉండేది. మా అపార్టుమెంట్లు రాకముందునుంచీ ఉంది. ఆ పాలు తాగే మా పిల్లలు ఎంసెట్లు రాశారు. వాసన వస్తోందని మేమే అసోసియేషన్ తరఫున అర్జీలమీద అర్జీలు పెట్టి ఆ గేదెల్ని అమ్మించేశాం. ఆ తర్వాత సాయిలు అదే కొట్టంలో, అవే రేకుల కింద, అదే కుడితి తొట్టి పక్కన కుక్కలకు వసతిగృహం పెట్టి, గేటుకి ‘పోచమ్మ తల్లి పెట్ రిసార్ట్’ అని బోర్డు తగిలించాడు. ఆ రోజునుంచీ వాసన పోయింది. కుక్కలకు వాసన ఉండదని కాదు. రిసార్టులకు ఉండదు.

రిసార్టు మొత్తం కుటుంబ నిర్వహణే. సాయిలు స్నానాలు చేయిస్తాడు. ఆయన భార్య పోచమ్మ వండి పెడుతుంది. కొడుకు ఓంకార్ పరిపాలన చూస్తాడు. ఓంకార్ సామాన్యుడు కాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద కంపెనీలో ఆరేళ్లు హెచ్చార్ ఉద్యోగం వెలగబెట్టినవాడు. ఎంత బాగా పనిచేసినా పదిమందిలో ఒకడు పనికిరానివాడై తీరాలి అనే శాస్త్రం ఒకటుందట. దాన్ని బెల్ కర్వ్ అంటారు. ఏటా ఆ పదోవాళ్ల జాబితా కట్టి, వాళ్లకు మర్యాదగా ఉత్తరాలు రాయడం ఓంకార్ పని. నిరుడు జాబితాలో ఒక్క పేరు తక్కువైంది. పైవాళ్లు ఆ పేరు కూడా చెప్పారు. తన పేరు తనే అక్షరదోషం లేకుండా కొట్టుకుని, ఉత్తరం తీసుకుని, కొట్టానికి వచ్చేశాడు. శాస్త్రం మీద మాత్రం గౌరవం చెక్కుచెదరలేదు.

ఏప్రిల్ రాగానే మా కమ్యూనిటీ ఖాళీ అవుతుంది. అందరూ చల్లటి ఊళ్లకు వెళ్తారు. మేం వెళ్లలేదు. కానీ కుక్కని రిసార్టులో పెట్టకపోతే ఎక్కడికీ వెళ్లలేదని నలుగురికీ తెలిసిపోతుందని మా ఆవిడ వాసంతి భయపడింది. అందుకని లడ్డూని అక్కడ దింపి, మేం కిటికీలకు తెరలు దించుకుని ఇంట్లోనే కూచుని, పాత ఊటీ ఫోటోలు రోజుకొకటి వాట్సాప్‌లో పెట్టుకున్నాం. అయినా చెమటలు పట్టాయనుకోండి.

మా ఎదురు టవర్‌లో అవినాష్, ప్రవీణ దంపతులున్నారు. ఇద్దరూ సాఫ్ట్‌వేరు. సైబీరియా మంచులో బండి లాగవలసిన హస్కీ కుక్కని తెచ్చి తెల్లాపూర్‌లో పెంచుతున్నారు. పేరు బ్రూనో. వాడికి ఎండ తగులుతుందేమోనని దిగులుపడి, తాము స్విట్జర్లాండ్ వెళ్లారు. పోతూ పోతూ పోచమ్మ చేతికి పద్నాలుగు పేజీల సూచనల పత్రం ఇచ్చారు. వాడికి ఇంగ్లీషు తప్ప రాదు, నాలుగింటికి పియానో వినాలి, గది పద్దెనిమిది డిగ్రీలు దాటరాదు వగైరా. పోచమ్మకు చదువు రాదు. ఆమె కుడితి తొట్టి నిండా నీళ్లు పోసి, ఐసుగడ్డ వేసి, బ్రూనోని అందులోకి దించింది. వాడు మెడదాకా మునిగి, కళ్లు అరమూసి, అచ్చం గేదెలాగే సాయంత్రందాకా లేవలేదు. వాడిని చూసి పోచమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వేసవిలో చేరిన పన్నెండు కుక్కలకూ మజ్జిగన్నమే పెట్టింది. అన్నిటినీ బిడ్డా అనే పిలిచింది. పదిరోజులు తిరక్కుండా పన్నెండు కుక్కలకూ సిట్ అంటే అర్థం కావడం మానేసి, కూసో అంటే కూచోవడం వచ్చింది. ఇన్ని వేలు పోసి ఇంగ్లీషు నేర్పిస్తే ఇదా అని ప్రవీణ వీడియో కాల్‌లో కళ్లనీళ్లు పెట్టుకుంది.

అసలు గొడవ క్షేమసమాచారాల దగ్గర వచ్చింది. మావాడెలా ఉన్నాడని రోజూ పన్నెండు మంది రిసార్టు వాట్సాప్ గ్రూపులో అడిగేవాళ్లు. పోచమ్మ పన్నెండు మందికీ ఒకటే వాయిస్ మెసేజి పంపేది: “మంచిగున్నడు. తిన్నడు, పన్నడు.” ఎవరికీ తృప్తి లేదు. మంచిగా అంటే ఎంత మంచిగా, ఎవరికంటే మంచిగా అని అవినాష్ స్విట్జర్లాండ్‌నుంచి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్న వినగానే ఓంకార్ కళ్లు మెరిశాయి. ఏడాది తర్వాత మళ్లీ తన విద్యకు గిరాకీ వచ్చింది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి మదింపు పత్రం విడుదలవుతుందని ప్రకటించాడు. తిండి, నిద్ర, నడవడిక, కలుపుగోలుతనం, తోక ఆడించడంలో చొరవ. చివర స్థానం. ఒకటినుంచి పన్నెండుదాకా.

మొదటి శుక్రవారం పన్నెండో స్థానం కన్నాకి వచ్చింది. కన్నా ముసలి పగ్. సుబ్రహ్మణ్యం గారిది. ఆయన కాకినాడ కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, కొడుకుతోపాటు ఇక్కడికి వచ్చినవారు. అప్పుడు సతీసమేతంగా రిషీకేశ్‌లో ఉన్నారు. ఫలితం తెలియగానే ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు గంగాస్నానం మధ్యలో ఒడ్డుకొచ్చేసి, ఆ పూట అన్నం ముట్టలేదట. ముప్పైరెండేళ్ల సర్వీసులో నా మీద గానీ నా కుటుంబ సభ్యుల మీద గానీ ఒక్క రిమార్కు లేదండీ అని సుబ్రహ్మణ్యం గారు నాలుగు పేజీల విన్నపం రాసి, ప్రతులు గ్రూపులో అందరికీ పంపారు.

రెండో శుక్రవారం ఓంకార్ కన్నాని పైకి తెచ్చి బ్రూనోని అడుగున వేశాడు. తోక ఆడించడంలో చొరవ లేదట. నీళ్లలో ఉన్న తోక ఎలా ఆడుతుందని అవినాష్ ఇరవై స్లైడ్ల ప్రజెంటేషన్ ఇచ్చాడు. అప్పటికి వాళ్లు స్విట్జర్లాండ్‌నుంచి తిరిగొచ్చేశారు. అయినా బ్రూనోని ఇంటికి తీసుకెళ్లలేదు. మధ్యలో తీసుకెళ్తే పన్నెండో స్థానం అలాగే రికార్డులో ఉండిపోతుంది కదా. ఇలాగే ఒక్కొక్కరూ ఊళ్లనుంచి వచ్చారుగానీ కుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మేమూ ఒక ఆదివారం ఊటీనుంచి వచ్చినట్టు సూట్‌కేసులు లాక్కుంటూ లిఫ్టు దిగి, మళ్లీ ఎక్కాం.

ఈ పీకులాట చూడలేక సాయిలు కొడుక్కి ఒక సలహా ఇచ్చాడు: “జర అందరికి ఫస్టే ఎయ్‌రా. నీ సొమ్మేం పోతది?” పాపం, పల్లెటూరి అమాయకుడు. మూడో శుక్రవారం పన్నెండు కుక్కలకూ ప్రథమ స్థానం వచ్చింది. అంత కోపం మా కమ్యూనిటీలో మంజీరా నీళ్లు వారం రోజులు ఆగినప్పుడు కూడా నేను చూడలేదు. అందరూ ఫస్టయితే మావాడు ఫస్టయి ఏం లాభమని అందరూ ఒక్క గొంతుతో అడిగారు. నేనూ అడిగాను. ఆదివారానికల్లా ఎనిమిదిమంది వేరే రిసార్టు చూసుకుంటామని చెప్పేశారు. సాయిలు కుటుంబానికి వేసవే పంట. ఈ రెండు నెలలు పోతే వానాకాలంలో పొయ్యిలో పిల్లి లేవదు.

అప్పుడు ఓంకార్‌కి మైసిగాడు గుర్తొచ్చాడు.

మైసిగాడిది వీధికుక్క జాతి. గేదెల్ని లారీ ఎక్కించిన వారమంతా పోచమ్మ తిండి మానేసి ఉంటే, ఎక్కడినుంచో వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడుకున్న కుక్కపిల్ల. ఆ రోజు మైసమ్మ బోనాలట, అందుకని ఆ పేరు. అప్పటినుంచీ ఆమె కొంగు వదలడు. రిసార్టుకి కాపలా వాడే. జీతం లేదు, మజ్జిగన్నం. ఓంకార్ వాడి పేరు కూడా జాబితాలో చేర్చి, నాలుగో శుక్రవారం పదమూడో స్థానం ఇచ్చాడు. కన్నా పన్నెండుకి వచ్చింది. బాలాత్రిపురసుందరి గారు దేవుడికి కొబ్బరికాయ కొట్టారు. గ్రూపులో అందరూ దండాలు పెట్టే బొమ్మలు పంపారు. రిసార్టు మీద అభిమానం ఇనుమడించింది. ఒక్కరు కూడా కుక్కని తీసుకెళ్లలేదు.

ఐదో వారం బ్రూనో తొట్టిలో ఉండగా ఒక పాము వచ్చింది. మైసిగాడు మొరిగి మొరిగి దాన్ని గోడ దాటించాడు. ఆ శుక్రవారం వాడి పత్రంలో ‘అకారణంగా గోల, ఇతరుల విశ్రాంతికి భంగం’ అని పడింది. పాము గురించి రాయడానికి ఫారంలో గడి లేదు. పదమూడో స్థానం. ఆరో వారం కూడా అంతే.

అక్కడితో ఊరుకుంటే మేం చదువుకున్నవాళ్లం ఎలా అవుతాం? వరుసగా మూడు వారాలు అడుగున ఉన్నవాణ్ణి ఏ సంస్థ అయినా ఉంచుకుంటుందా అని ప్రవీణ గ్రూపులో అడిగింది. అలాంటివాడి సావాసంలో మన పిల్లలేమవుతారని వాసంతి అందుకుంది. సుబ్రహ్మణ్యం గారు ముసాయిదా రాశారు. సదరు మైసి అను శునకమును తక్షణమే విధులనుండి తప్పించనియెడల మేమందరమూ మా పెంపుడు సంతానమును ఉపసంహరించుకొనవలసి వచ్చునని తమకు సవినయముగా మనవి. పన్నెండు కుటుంబాలూ సంతకాలు చేశాం. నా సంతకం కింద డేటు కూడా వేశాను.

అర్జీ పట్టుకుని వెళ్లిన నలుగురిలో నేనొకణ్ణి. సాయిలు దాన్ని తిరగేసి, మడతేసి, జేబులో పెట్టుకుని, తల వంచుకున్నాడు. పోచమ్మ మావైపు చూడలేదు. మొగుడితోనే అంది:

“బర్లను తోలిచ్చిన్రు, ఊకున్న. కొడుకును ఇంటికి పంపిచ్చిన్రు, ఊకున్న. ఇగ వీన్ని గుడ పంపుమంటే నేనెట్ల బతకాలె?”

పన్నెండు కుక్కలా, ఒక్క కుక్కా? లెక్క ఎవరికైనా తెలిసేదే. ఓంకార్ లోపలికి వెళ్లి ఉత్తరం తెచ్చి, పద్ధతి ప్రకారం మైసిగాడి ఎదురుగా కూచుని చదివాడు. సంస్థకు మీరు చేసిన సేవలు మరువలేనివి. ఇది మీ సామర్థ్యం మీద తీర్పు కాదు. మీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని. అక్కడిదాకా చదివాడు. కాగితం పక్కన పెట్టి, మిగిలిన రెండు వాక్యాలూ చూడకుండానే చెప్పేశాడు. మైసిగాడు ఓంకార్ చెయ్యి నాకాడు. పోచమ్మ తాడు కట్టి, షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడలో ఉన్న చెల్లెలు ఈరమ్మ ఇంట్లో వదిలి, ఒక్కతే తిరిగొచ్చింది. రెండు రోజులు మజ్జిగన్నం వండింది గానీ ఏ కుక్కనీ బిడ్డా అని పిలవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఓంకార్ గ్రూపులో ఒక ప్రకటన పెట్టాడు. మైసి నిష్క్రమించినందువల్ల ఈ సాయంత్రంనుంచి ఆఖరి స్థానం మిగిలిన పన్నెండు మందిలోంచే భర్తీ అవుతుంది.

అంతే, ఓంకార్ ఫోను మోగడం మొదలైంది. ఆ వారం చూడ్డానికి వెళ్లిన వాసంతి కొత్త చెప్పుని లడ్డూ నమిలాడు కాబట్టి నేను రెండుసార్లు చేశాను. నాలుగింటికల్లా సుబ్రహ్మణ్యం గారి రెండో ముసాయిదా వచ్చింది. మూగజీవిని వెళ్లగొట్టడం అమానుషమండీ, భూతదయ మన సంస్కృతిలోనే ఉందండీ అని. పన్నెండు కుటుంబాలూ సంతకాలు చేశాం. ఈసారి పెద్ద అక్షరాలతో చేశాను.

పోచమ్మ ఒప్పుకోలేదు. వెళ్లగొట్టినోళ్లే పోయి తెచ్చుకోవాలంది. దాంతో అవినాష్ కారు తీశాడు. పక్కన నేను కూచున్నాను, వెనక పోచమ్మ, ఓంకార్. నానక్‌రామ్‌గూడ గల్లీలో, పెద్ద పెద్ద టవర్ల నీడలో, ఒక టీ బండి కింద మైసిగాడు పడుకుని ఉన్నాడు. పోచమ్మ గొంతు వినగానే ఒక్క గెంతు గెంతి మీద పడ్డాడు. ఆమె వాణ్ణి కావలించుకుని, మేమున్నామని కూడా చూడకుండా ఏడ్చింది. అవినాష్ వంగి, క్షమాపణ చెప్పే ధోరణిలో వాడి తల నిమిరాడు. మైసిగాడు అతని చెయ్యి కూడా నాకాడు. వాడికి పట్టింపుల్లేవు.

తిరిగొస్తుంటే ఓంకార్ పాత కంపెనీ ఎదురుగా సిగ్నల్ పడింది. మైసిగాడు పోచమ్మ ఒళ్లో తల పెట్టుకున్నాడు. ఓంకార్ ఫోనులోకి చూస్తున్నాడు. పోచమ్మ అద్దంలోంచి ఆ అద్దాల మేడని కాసేపు చూసి, అవినాష్‌ని అడిగింది:

“ఏమో సారూ, నాకు దెల్వక అడుగుతున్న. మీ కంపినీలల్ల ఎల్లగొట్టినోళ్లను గుడ గిట్లనే కారు దీస్కపోయి మల్ల తోల్కొస్తరా?”

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. అవినాష్ మంచివాడు, అబద్ధం ఆడడం రాదు.

“లేదమ్మా,” అన్నాడు. “అక్కడైతే ఆఖర్న ఉండడానికి మనుషులు దొరుకుతూనే ఉంటారు.”

పోచమ్మ కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. సిగ్నల్ మారింది. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది గానీ, ఆరు కావస్తోంది, పత్రం ఇంకా విడుదల కాలేదు, ఈ సమయంలో ఓంకార్‌ని నొప్పించడం మంచిది కాదని ఊరుకున్నాను. నా స్థానంలో మీరుంటే ఏమనేవారు?