కొత్తగూడలో ఆగిన కారు

ఆ రోజు పొద్దున హఫీజ్‌పేట్‌లో భూలక్ష్మి అనుకున్నది చాలా చిన్న పని. కూతురు ప్రవళికను ఆఫీసుకు పంపాలి, సర్వపిండి చెయ్యాలి, ఉద్యోగం ఖాయమైందన్న కబురు వచ్చాక నోట్లో పెట్టుకోవాలి. ప్రవళిక పనిచేసేది హైటెక్ సిటీలోని ఓ చిన్న కంపెనీలో. ఆఫీసు కారు ఎక్కడుందో ఇంట్లోవాళ్ళ ఫోన్లో చూపించే యాప్ వాళ్ళది. దాన్ని కొనేవాళ్ళు మధ్యాహ్నం వస్తున్నారు. వాళ్ళకు నచ్చితేనే ప్రవళిక ఉద్యోగం ఖాయమవుతుంది.

"అమ్మా, ఇయ్యాల జర ఫోన్ చెయ్యకు, మీటింగుల ఉంట," అంటూ ఆ యాప్‌ను తన పేరుతోనే తల్లి ఫోన్లో తెరిచి, పాస్‌వర్డ్ కూడా చీటీ మీద రాసి ఇచ్చింది. "ఈ కారు బొమ్మ చూస్కో. తెర కిందికి లాగితే ఇప్పుడు ఏడున్నదో చూపిస్తది. ఇగ ఫికర్ పెట్టుకోకు."

భూలక్ష్మి లాగింది. కారు కొండాపూర్ దాటింది. మళ్ళీ లాగింది. హైటెక్ సిటీ చేరింది. హమ్మయ్య అనుకుని పిండి కలిపి వచ్చి చూస్తే, కారు వెనక్కి వచ్చి కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఆగి ఉంది.

"అయ్యో! పిల్లను ఎనుకకు ఎందుకు తెచ్చిండు?"

ఫోన్ చేసింది. ప్రవళిక ఎత్తలేదు. ఇంక ఆమె కళ్ళముందు ప్రమాదం, దవాఖాన, పోలీసులు వరసగా నిలబడ్డారు. తెర లాగింది. కారు కదల్లేదు. లాగుతూనే ఉంది.

ఎదురింటి రాజరాజేశ్వరి పరుగెత్తుకొచ్చింది. "మీ ఫోను పాతదండీ, నా దాంట్లో చూద్దాం." ప్రవళిక పేరు, పాస్‌వర్డ్ ఆ ఫోన్లోకీ ఎక్కాయి. తర్వాత దుకాణంలో ఉన్న భూలక్ష్మి భర్త రాజయ్యకూ, కూకట్‌పల్లిలో ఉన్న ఆమె చెల్లెలికీ వెళ్ళాయి. చివరికి రాజరాజేశ్వరి తన పారాయణం వాట్సాప్ గ్రూపులో కూడా వాటిని పెట్టి, కింద రాసింది: "మన భూలక్ష్మి గారి అమ్మాయి కారు కదలట్లేదు. అందరూ తలో చెయ్యి వేసి లాగండమ్మా."

అందరూ భక్తిగా లాగారు.

అక్కడ ఆఫీసులో, యాప్ అడిగినదల్లా వెతికి ఇచ్చే డేటాబేస్ సర్వర్ ఆయాసపడసాగింది. ఒకటే ప్రశ్న తెరిపి లేకుండా వచ్చి పడుతోంది: ఆ కారు ఎక్కడ? ఆ కారు ఎక్కడ?

టీమ్ లీడ్ ప్రశాంత్‌కు చెమటలు పట్టాయి. "ఎవడో దాడి చేస్తున్నాడు! బయటి దారులన్నీ మూసెయ్యండి!"

మూశారు. దాంతో ఫోన్లన్నింటిలో ఒకే మాట వచ్చింది: 'వాహనం కనబడుట లేదు.' గ్రూపువాళ్ళు లాగడం మాని దండాలు పెట్టారు.

భూలక్ష్మి పొయ్యి ఆర్పి, పిండి చేతులతోనే ఆటో ఎక్కింది. వెనకే రాజరాజేశ్వరి ఎక్కింది.

కాసేపటికి ప్రశాంత్ దారులు తెరిచి, ప్రశ్నలు ఎవరి పేరుతో వచ్చాయో చూశాడు. "ఇదేంటి ప్రవళికా? అన్నీ నీ లాగిన్ నుంచే! నీ ఉద్యోగం సంగతి తర్వాత, ముందు నాది పోయేలా ఉంది."

ప్రవళికకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడే తలుపు దగ్గర గార్డును తోసుకుంటూ ఓ కేక వినిపించింది. "నా బిడ్డ ఏది?"

బిడ్డ ఎదురుగానే నిలబడి ఉంది. భూలక్ష్మి గట్టిగా వాటేసుకుని, ముఖమంతా తడిమి చూసింది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. "నువ్వు ఈడనే ఉన్నవ్, మంచిగైంది. మరి కారుకేమైందే?" అంటూ తెర లాగింది.

సర్వర్ మీద ఎంత బరువు పడుతోందో చూపించే గోడమీది తెరలో గీత గబుక్కున పైకి లేచింది.

"కారు నన్ను దింపి పోయిందమ్మా! డ్రైవరన్న రోజూ కొత్తగూడల ఆపి టిఫిన్ తింటడు!"

ప్రశాంత్ గీతనే చూస్తున్నాడు. "ఆంటీ, ఇంకోసారి లాగండి." లాగింది. గీత లేచింది. "ఆపండి." ఆపింది. పడింది.

"ఒక్క లాగుడికి ఇంత బరువా?" అని లోపల వెతికారు. కారు ఇప్పుడెక్కడుందో అడగాల్సిన చోట, యాప్ ఆ కారు కొన్ననాటి నుంచీ తిరిగిన ప్రతి సందూ అడిగి తెప్పిస్తోంది. ఆ ముక్క ఎవరు రాశారని చూస్తే పేరు ప్రశాంత్‌ది. అతను గొంతు సవరించుకుని, ప్రవళికకు కుర్చీ చూపించాడు. ఇద్దరూ కూర్చుని దాన్ని సరిచేశారు. నిమిషానికి ఒక్కసారే లాగేలా ఓ కట్టడి కూడా పెట్టారు.

మధ్యాహ్నం కొనేవాళ్ళు వచ్చి అడిగారు. "మా దగ్గర వేలమంది ఉద్యోగులు, వాళ్ళకు అంతమంది అమ్మలు. ఇది తట్టుకుంటుందా?"

"పొద్దున్నే పరీక్షించామండీ," అన్నాడు ప్రశాంత్.

సాయంత్రం ప్రవళిక ఉద్యోగం ఖాయమైన కబురుతో వచ్చింది. భూలక్ష్మి దేవుడికి దండం పెట్టి, కూతురి పళ్ళెంలో వేడివేడి సర్వపిండి వేసి, చాలారోజుల తర్వాత తానూ కడుపునిండా తిన్నది.

ఇప్పుడు తెర ఒకసారి లాగితే మళ్ళీ లాగడానికి నిమిషం ఆగాలి. ఆ నిమిషంలో భూలక్ష్మి కూతురికి ఫోన్ చేస్తోంది.