ఉమ్మి చెప్పిన జాతకం

ఉమ్మి చెప్పినంత నిజం మనిషి చెప్పడు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీ ఊళ్లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న బాధ్యత గల గృహస్థుగా, పదో తరగతి చదివే ఒక ఆడపిల్ల తండ్రిగా అంటున్నాను.

పిల్లల టాలెంట్‌ని డీఎన్‌ఏలో చూసి చెప్పే కిట్లు వచ్చాయి కదా, వాటిని కొందరు వెక్కిరిస్తున్నారు. అన్యాయం! మన వైపు జాతకం రాయాలంటే పంతులుగారికి పుట్టిన ఊరు కావాలి, తేదీ కావాలి, గంటా నిమిషం కావాలి. ఈ కంపెనీవాళ్లు ఆడా మగా అని కూడా అడగరు. అర చెంచా ఉమ్మి పంపితే చాలు, నలభై పేజీల రిపోర్ట్ రంగుల్లో వస్తుంది. ఇంతకంటే మర్యాదస్తులు ఎక్కడుంటారు?

పైగా ఎంత సమయం ఆదా! అరిజోనాలో, చాండ్లర్‌లో మా మోహన్ ఉన్నాడు. వాడి రిపోర్ట్‌లో 'ఉదయం లేవలేని స్వభావం' అని వచ్చింది. ఆ రోజు నుంచి పిల్లల్ని స్కూల్లో దింపే పని వాళ్లావిడదే. జార్జియాలో, కమ్మింగ్‌లో ఒకాయన కొడుక్కి 'వేగంగా కదిలే కండరాలు' అని రాగానే ఆ సాయంత్రమే పిల్లాడి వయొలిన్ ఎవరికో ఇచ్చేసి, క్రికెట్ కోచింగ్‌లో చేర్పించాడు. పిల్లాడు ఏడుస్తున్నాడట. ఏడుపుకి కూడా ఏదో జీన్ ఉండే ఉంటుంది, చూడమని చెప్పాను.

అలాంటి వరం మా గడపలోకి రావద్దా? రెండు కిట్లు తెప్పించాను. ఒకటి మా కృతికి, ఒకటి నాకు. ఇద్దరం అరగంట మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుని, భక్తిగా ఉమ్మి, గొట్టాలు స్టవ్ పక్కన పెట్టాం. ఎడమవైపు నాది, కుడివైపు అమ్మాయిది. పేర్ల స్టిక్కర్లు అతికిద్దామనేలోపు ఆఫీస్ కాల్ వచ్చింది.

తిరిగొచ్చేసరికి గొట్టాలు లేవు! మా అత్తగారు రాజేశ్వరమ్మగారు ఆరు నెలలుండి వెళ్దామని వచ్చారు. కిచెన్‌లోకి ఆవిడ అడుగుపెట్టిన క్షణాన జరిగింది ఇది.

"ఉమ్మిన గొట్టాలు పొయ్యి పక్కన పెడతారటే దమయంతీ? ఎంగిలి, అంటు అనేది పూర్తిగా పోయింది ఈ ఇంట్లో!" అని మా ఆవిడని చీవాట్లు పెట్టి, రెండింటినీ పేపర్ టవల్‌తో పట్టుకుని, గరాజ్‌లో చెప్పుల స్టాండ్ మీద పెట్టేసి, చేతులు మూడుసార్లు కడుక్కున్నారట. నేను గరాజ్‌కి వెళ్లి, అదే వరసలో ఉన్నాయిగా అని స్టిక్కర్లు అతికించి, పోస్ట్ చేశాను.

ఐదు వారాలకి రిపోర్టులు వచ్చాయి. నాది చూసి నాకే కళ్లు చెమ్మగిల్లాయి. పరిశోధనా బుద్ధి: అసాధారణం. జ్ఞాపకశక్తి: అత్యున్నతం. పట్టుదల: నూటికి తొంభై ఏడు! నలభై తొమ్మిదేళ్లుగా ఈ లోకం నన్ను గుర్తించలేదు, ఉమ్మి గుర్తించింది. ఆ పేజీని మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. డెబ్బై మూడు చప్పట్లు వచ్చాయి.

కృతిది తెరిచి నీరసపడిపోయాను. సైన్స్ ఆసక్తి: తక్కువ. జ్ఞాపకశక్తి: సగటు కంటే దిగువ. మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేసే గుణం: చాలా ఎక్కువ.

దమయంతి ఆ చివరి వాక్యం చదివింది. బట్టలు ఆరేసి ఉన్న నా ట్రెడ్‌మిల్ వైపు చూసింది. నేను కొని తీగలు కూడా సరిచేయించని గిటార్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "పాపం, పిల్లకి మీ పోలికే వచ్చిందండీ" అని లేచి వెళ్లిపోయింది. ఆవిడకి సైన్స్ తెలియదు.

సరిగ్గా ఆ వారమే వచ్చే ఏడాది క్లాసుల ఎంపిక. కృతి ఎప్పటినుంచో ఏపీ బయాలజీ, అంటే స్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి బయాలజీ, తీసుకుంటానంటోంది. స్కూల్ పోర్టల్‌లో తల్లిదండ్రుల ఆమోదం ఉండాలి. నేను రిపోర్ట్ ముందు పెట్టుకుని, బాధ్యతగా బయాలజీ తీసేసి, ఆ స్థానంలో కంప్యూటర్ క్లాస్ పెట్టి నొక్కేశాను.

"నాన్నా, ప్లీజ్! ఐ రియల్లీ వాంట్ దిస్. నువ్వు ఎందుకు చేంజ్ చేశావ్?" అంది కృతి.

"నేను చేయలేదమ్మా, నీ జీన్స్ చేశాయి" అన్నాను శాంతంగా.

దాంతో పిల్ల కళ్లు తుడుచుకుని, నా ఎదురుగా కుర్చీ లాక్కుని, నాకు క్లాస్ మొదలుపెట్టింది. నా అపారమైన జ్ఞాపకశక్తితో గుర్తున్నంత చెబుతాను.

డీఎన్‌ఏ అంటే నాలుగంటే నాలుగు అక్షరాలతో రాసిన పెద్ద పొడుగాటి రాతట. అందులో ఒక్కో ముక్క ఒక్కో జీన్. చాలా జీన్లకి తెలిసిన పని ఒకటే, ఫలానా ప్రోటీన్ ఎలా తయారుచేయాలో చెప్పడం. ఆ అసలు రాత కణం మధ్యలోని న్యూక్లియస్ దాటి బయటికి రాదట. కావలసిన జీన్ వరకు ఒక కాపీ తీసి బయటికి పంపుతుందట. ఇది నాకు ఠక్కున అర్థమైంది. వీసా మీద బతికినవాడికి ఒకరు చెప్పాలా? ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో, జిరాక్స్ కాపీ కౌంటర్‌కి!

ఆ కౌంటర్ పేరు రైబోజోమ్. కాపీని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ప్రతి మూడక్షరాలకీ ఒక అమైనో ఆమ్లం. వాటిని వరసగా దండలా గుచ్చితే ప్రోటీన్. కొన్ని మూడక్షరాలకి మాత్రం 'ఇక చాలు, ఆపు' అని అర్థమట. మాలాంటి తండ్రుల్లో ఆ మూడక్షరాలు ఎక్కడో చెరిగిపోయి ఉంటాయి.

"మిల్క్ డైజెస్ట్ చేసే ప్రోటీన్ ఉంది, నాన్నా. బ్లడ్‌లో ఆక్సిజన్ క్యారీ చేసే ప్రోటీన్ ఉంది. బయాలజీ క్లాస్ తీసుకునే ప్రోటీన్ లేదు! హైట్‌కే వేల జీన్ చేంజెస్ కలవాలి, ఫుడ్ కలవాలి. నాకు సైన్స్ ఇష్టమా కాదా అని స్పిట్ ఎలా చెప్తుంది?"

నేను చలించలేదు. నలభై పేజీల రిపోర్ట్ ముందు పదిహేనేళ్ల పిల్ల మాటా? ఆ మాటే అన్నాను.

కృతి రిపోర్ట్ లాక్కుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నేను రెండో పేజీలోనే ఆపేశానని మీకు చెప్పలేదు కదూ? పంతొమ్మిదో పేజీలో, అడుగున, చీమ తలకాయంత అక్షరాల దగ్గర ఆగింది.

"నాన్నా, నాకు వై క్రోమోజోమ్ ఉందంట."

"ఉంటే మంచిదే కదమ్మా?"

"బాయ్స్‌కి ఉంటుంది నాన్నా. ఇది నువ్వు! నా పేరు పెట్టిన రిపోర్ట్ నీది!"

సైన్స్ ఆసక్తి తక్కువ, జ్ఞాపకశక్తి దిగువ, మధ్యలో వదిలేసే గుణం చాలా ఎక్కువ... గరాజ్‌లో వరస మారిందన్నమాట. దమయంతి నవ్వు ఆపుకోలేక సోఫా పట్టుకుంది. రాజేశ్వరమ్మగారు మాత్రం, "నేను చెప్పులు తగలకుండా జాగ్రత్తగానే పెట్టానే!" అని బాధపడ్డారు. నేను ఫోన్ తీసి గ్రూపులో నా తొంభై ఏడుని చూసుకున్నాను. చప్పట్లు డెబ్బై ఐదయ్యాయి. తీసేయడానికి మనసొప్పలేదు.

అయినా నేను తేరుకున్నాను. "చూశావా, రిపోర్ట్ ఎంత గొప్పదో! నీకు పరిశోధనా బుద్ధి అసాధారణమట. బయాలజీ తీసుకో, తర్వాత మెడిసిన్, ఆ తర్వాత..."

"ఆ రిపోర్ట్ కూడా వద్దు, నాన్నా" అంది కృతి. నవ్వడం లేదు. "అది కూడా స్పిట్ చెప్పిందే కదా. నువ్వు నన్ను అడుగు."

నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. పాఠకులారా, ఉమ్మడానికి అరగంట ఉపవాసం ఉన్నాను. ఫలితం కోసం ఐదు వారాలు రోజుకి నాలుగుసార్లు ఈమెయిల్ చూశాను. మధ్యలో రోజూ నా ఎదురుగానే కూర్చుని అన్నం తిన్న పిల్లని ఒక్క ముక్క అడగలేదు. అందుకే ఈ కిట్లు వరమన్నాను. ఇవి లేకపోతే పిల్లల్ని నోరు తెరిచి అడగాల్సి వస్తుంది! వాళ్లు చెబితే వినాల్సి వస్తుంది!

అడిగాను. గంటా పది నిమిషాలు చెప్పింది. మొలకెత్తే గింజల నుంచి మొదలుపెట్టి, ఎప్పుడో చూడబోయే ల్యాబ్ దాకా వెళ్లింది. నాకు సగం అర్థం కాలేదు. కానీ పిల్ల ముఖం అంత వెలిగిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

పోర్టల్ తెరిస్తే క్లాసుల ఎంపిక అప్పటికే లాక్ అయిపోయింది. మార్చాలంటే తల్లిదండ్రులు వేరే ఫారం నింపాలి, కౌన్సెలర్ ఒప్పుకోవాలి. అందులో ఒక గడి ఉంది: 'మార్పుకు కారణం'. మొదట 'సాంకేతిక పొరపాటు' అని రాశాను. కృతి చూసి తల అడ్డంగా ఊపింది. 'ల్యాబ్ నివేదికలో తారుమారు' అని రాశాను. మళ్లీ ఊపింది.

అది కొట్టేసి, ఉన్నమాట రాసి పంపాను: 'మొదటిసారి మా అమ్మాయిని అడగలేదు.'