రేడియేటర్ జబ్బు

మా ఆవిడ విజయశ్రీ ఉన్న రోజుల మాట. ఎనభై నాలుగులో ఒహాయోలో ఉండేవాళ్ళం. షికాగోలో వాళ్ళక్క ఇంటికి కార్లో వెళ్ళాలని తనకెంత ఆశో, నాకంత భయం. ఆ దారి పొడవు నాకు మైళ్ళలో కాదు, మరుగుదొడ్లలో కనిపించేది.

మాటిమాటికీ మూత్రానికి పరిగెత్తించే ఈ ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బితే ఆపరేషనేనని ఎవరో అన్నారు. అందుకని డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. నేరం కారు మీదికి నెట్టాను. గ్యాస్ స్టేషన్, అదే పెట్రోల్ బంకు, కనబడితే చాలు, రేడియేటర్ వేడెక్కిందని ఆపేవాణ్ణి.

"వేడెక్కింది కారైతే లోపలికి పరిగెత్తేది మీరేమిటండీ?" అనేది విజయశ్రీ.

"నీళ్ళు తేవద్దూ?"

"తెచ్చింది ఎప్పుడూ చూళ్ళేదు."

ఈ అబద్ధానికి నాకో గొప్ప అండ ఉండేది. పక్కింటి మోరి గారు జపాన్ నుంచి వచ్చిన కార్ల ఇంజనీరు, రోజూ నా కార్లోనే ఆఫీస్‌కి వచ్చేవారు. ఇంజన్ల మధ్య తల నెరిసిన మనిషి, మా రేడియేటర్‌ని ఒక్కనాడూ శంకించలేదు. పైగా ఆపగానే నాకంటే ముందు దిగి లోపలికి నడిచేవారు. ఇద్దరం పెద్దమనుషులం, ఒకరినొకరం ఏమీ అడగలేదు.

ఉన్నట్టుండి ఆయన దిగడం మానేశారు. నేను వెళ్ళొచ్చేదాకా సీట్లో హాయిగా పేపర్ చదువుకునేవారు. నన్ను ఒంటరివాణ్ణి చేసేశారనిపించింది.

ప్రయాణం దగ్గరపడింది. ఈ కారుతో షికాగో కష్టం, క్యాన్సిల్ చేద్దామన్నాను. విజయశ్రీ ముఖం చిన్నబోయింది. మర్నాడు మోరి దంపతుల్ని దోసెలకు పిలిచి, తినడం కాగానే ఆయనచేత కారు బానెట్ తెరిపించింది.

మోరి గారు చాలాసేపు చూశారు. బానెట్ మూసి, నా వైపు క్షమించమన్నట్టు వంగారు.

"కారు ఆరోగ్యంగా ఉంది మేడమ్. మొన్నటిదాకా నాకూ ఇదే రేడియేటర్ జబ్బు. నాకైతే కోత అక్కర్లేకపోయింది, మాత్రలతోనే తగ్గింది. రక్తపోటుకిచ్చే మందేనట, ఆ దారిని కూడా వదులు చేస్తుందట. డాక్టర్ పేరు మా ఆవిడ చెప్పింది కదా?"

"చెప్పారు," అంది విజయశ్రీ. "రేపటికి బుక్ చేశాను. కారుకి కాదు."

డాక్టర్ పరీక్షలన్నీ చేసి నాకూ ఆ మాత్రలే ఇచ్చాడు. కళ్ళు తిరగవచ్చు, నెమ్మదిగా లేవమన్నాడు. కొన్ని వారాలకి ప్రాణం తెరిపిన పడింది.

ఆ శరత్కాలంలో షికాగో బయల్దేరాం. గ్యాస్ స్టేషన్లని రాజులా దాటేస్తున్నాను. నా ధీమా చూస్తూ విజయశ్రీ ఫ్లాస్కులో నా వాటా కాఫీ కూడా తాగేసింది.

"కాస్త ఆపండి," అంది ఇండియానాలో.

"ఎందుకూ?"

"రేడియేటర్ వేడెక్కింది."

మారు మాట్లాడకుండా ఆపి, తను వచ్చేదాకా మోరి గారిలా పేపర్ తెరిచి కూర్చున్నాను.